అమ్మ యాక్సిడెంట్ కేసు నడిపిన వకీలు సార్ గురించి నా రివ్యూ (ఎల్బీనగర్ కోర్టు, హైదరాబాద్)

రేటింగ్: 5కి 4. పొడుగు రివ్యూ ఇది, ఇంట్లో ఎవరికైనా యాక్సిడెంట్ అయ్యి ఇప్పుడు ఎవరి దగ్గరకి పోవాలి అని వెతుక్కుంటున్నవాళ్ళ కోసం రాస్తున్నా. సార్ పేరు మాత్రం పెట్టట్లేదు, వకీళ్ళు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూల్ ఉంది, "ఎక్కడైనా రాస్తే నా పేరు పెట్టకమ్మా" అని ఆయనే అన్నారు. పేరు లేకపోయినా ఆయన ఎలా పని చేశారో చెప్తే, మీరు పెట్టుకున్న వకీలు సరిగ్గా చేస్తున్నాడో లేదో మీకే తెలుస్తుంది.

2022 నవంబర్, రాత్రి ఏడున్నర అయ్యింది. అమ్మ హయత్‌నగర్ దగ్గర విజయవాడ హైవే దాటుతోంది, చేతిలో కస్టమర్ ఇచ్చిన చీరల సంచి. అవతలి వైపు బస్సు దిగినవాళ్ళంతా డివైడర్‌లో ఉన్న సందులోంచే దాటతారు, అక్కడ జీబ్రా లేదు, సిగ్నల్ లేదు, ఆ రోజుకి లైటు కూడా లేదు. సామాన్లు వేసుకుని స్పీడుగా వచ్చిన ట్రాలీ ఒకటి గుద్దేసి ఆగకుండా పోయింది. కుడి కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. అక్కడ పూలబండి పెట్టుకునే అన్న ఒకాయన బండి నంబర్ చూసి, కాయితం దొరక్క పెన్నుతో అరచేతిలో రాసుకున్నాడు, తర్వాత ఆటో మాట్లాడి అమ్మని హాస్పిటల్‌కి తీసుకొచ్చాడు. నేను పోయేసరికి ఆ చెయ్యి కడుక్కోకుండా నా కోసం కూర్చుని ఉన్నాడు. ఆ నంబర్ విలువ ఎంతో నాకు అప్పుడు తెలీదు, తర్వాత సార్ చెప్పారు, బండి దొరక్కపోతే అది హిట్ అండ్ రన్ కింద పోతుంది, దానికి గవర్నమెంట్ స్కీములో తీవ్ర గాయానికి వచ్చేది 50 వేలు, మనిషి పోతే 2 లక్షలు, అంతే.

హాస్పిటల్‌లో రెండో రోజే ఒకాయన మంచం దగ్గరకి వచ్చాడు. మంచి బట్టలు, చేతిలో ఫైలు. "మీరు ఒక్క పైసా పెట్టక్కర్లేదు మేడం, అంతా మేమే చూస్కుంటాం, వచ్చిన దాంట్లో ముప్పై పర్సెంట్ ఇస్తే చాలు" అని ఖాళీ వకాలత్ ఫారాలు (మా తరఫున కేసు నడపమని వకీలుకి ఇచ్చే కాయితం), రెండు తెల్ల కాయితాలు ముందు పెట్టాడు, సంతకం చెయ్యమని. అమ్మ మత్తులో ఉంది, వేలిముద్ర వేయించుకుంటా అన్నాడు. నేను ఆలోచించుకుంటా అని పంపించేశా. దయచేసి ఎవరూ హాస్పిటల్‌లో ఖాళీ కాయితాల మీద సంతకం చెయ్యొద్దు. గెలిస్తే ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోవడం మన దేశంలో వకీళ్ళకి నిషేధం అని కూడా నాకు తర్వాతే తెలిసింది, కానీ అందరూ అదే మామూలు అన్నట్టు చెప్తారు.

మా సార్ దగ్గరకి అమ్మ పాత కస్టమర్ ఒకామె పంపించింది. ఆఫీసు ఎల్బీనగర్ కోర్టుకి దగ్గర్లోనే, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. యాక్సిడెంట్ కేసులు చూసే ఆఫీసు లిఫ్ట్ లేని రెండో అంతస్తులో ఉండటం నాకు అస్సలు నచ్చలేదు, వచ్చేవాళ్ళలో సగం మంది కర్రలతో వస్తారు కదా. కానీ అమ్మ వాకర్‌తో వచ్చిన రోజు సార్ కిందకి దిగొచ్చి, పక్కన జిరాక్స్ షాపు బయట బల్ల మీద అమ్మ పక్కనే కూర్చుని పిటిషన్ మొత్తం తెలుగులో చదివి వినిపించి, "అమ్మా, ఇందులో మీరు చెప్పనిది ఏమైనా ఉందా" అని అడిగి అప్పుడు సంతకం పెట్టించుకున్నారు. ఆ గంట సేపు నేను అక్కడే నిలబడి ఉన్నా, ఈయన్నే పెట్టుకోవాలని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే.

ఫీజు మొదటి రోజే కాయితం మీద రాసిచ్చారు. మొదట 15 వేలు, సాక్ష్యం మొదలయ్యాక 20 వేలు, ఆర్గ్యుమెంట్స్ అప్పుడు 25 వేలు, మొత్తం 60 వేలు, ఖర్చులు వేరే, వాటికి రసీదులు. కేసు గెలిచినా ఓడినా ఇంతే. మాకు మొదట 15 వేలు కట్టడం కష్టమే అయ్యింది, అప్పు చేశాం, పర్సెంటేజీ వాళ్ళ దగ్గరకి జనం ఎందుకు పోతారో నాకు బాగా అర్థమైంది. కానీ చివరికి లెక్క చూస్తే ఆ ముప్పై పర్సెంట్ మూడు లక్షలు దాటేది.

రెండో విషయం, టైం. 2022 ఏప్రిల్ నుంచి కొత్త రూల్, మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 166 కింద నష్టపరిహారం కోసం క్లెయిమ్ పిటిషన్ యాక్సిడెంట్ అయిన ఆరు నెలల లోపు వెయ్యాలి. మా వీధిలో అందరూ "కాలు బాగయ్యాక వేస్కోవచ్చు తొందరేముంది" అన్నారు, పాత రోజుల్లో అలాగే నడిచేది కాబట్టి. సార్ మాత్రం ఆపరేషన్ కుట్లు విప్పకముందే ఎఫ్ఐఆర్ కాపీ తెమ్మన్నారు, మూడో నెలలోనే వేసేశారు. ఇంకోటి, మేం ఉండే చోట, యాక్సిడెంట్ అయిన చోట, బండి ఓనర్ ఉండే చోట, ఈ మూడింటిలో ఎక్కడైనా వెయ్యొచ్చట. ఇల్లు దగ్గర కాబట్టి ఎల్బీనగర్‌లో వేశాం, అమ్మని ఆటోలో తీసుకుపోవడం సులువైంది.

కాయితాల దగ్గర సార్ పనితనం చూశా. పోలీసులు మొదట ఎఫ్ఐఆర్‌లో ఐపీసీ సెక్షన్ 337 పెట్టారు, అంటే చిన్న దెబ్బ కింద లెక్క. సార్ ఎక్స్‌రే, వూండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టర్ ఇచ్చేది) పట్టుకుని స్టేషన్‌కి నన్ను పంపించి, సెక్షన్ 338కి మార్పించమన్నారు, అప్పటి చట్టంలో అది తీవ్ర గాయం సెక్షన్. ఇది ఎవరూ చెప్పకపోతే మాకు తెలిసేది కాదు, ఛార్జిషీట్ అలాగే పోయేది, ఇన్సూరెన్స్ వాళ్ళు అదే పట్టుకునేవాళ్ళు. అలాగే పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కి (యాక్సిడెంట్ క్లెయిములు చూసే కోర్టుకి) పంపాలని కూడా రూల్ ఉంది, మన కాపీ మనం అడిగి తీసుకోవాలి అని చెప్పి నాతోనే అప్లికేషన్ రాయించారు. తిప్పారు, నాలుగు సార్లు తిప్పారు, కానీ ఇచ్చారు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన విషయం. అమ్మ టైలర్. ఇంటి ముందు గదిలో మిషన్, షాపు బోర్డు లేదు, జీఎస్టీ లేదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఏం కనపడదు, డబ్బులన్నీ చేతికే. "నెలకి ఎంత వస్తుందమ్మా" అంటే అమ్మ పన్నెండు, పదమూడు వేలు అంది, రుజువు ఏంటంటే ఏం లేదు. సార్ కాసేపు ఆలోచించి "కొలతలు ఎక్కడ రాసుకుంటారు" అని అడిగారు. అమ్మకి పొడుగాటి లెడ్జర్ బుక్ ఉంది, 2019 నుంచి. ఒక్కో పేజీలో పేరు, తారీఖు, జాకెట్ పొడుగు, చంక, నడుం, చేతులు, పక్కన అడ్వాన్స్ ఇంత, బాకీ ఇంత, తీసుకుపోయాక టిక్కు. కొన్ని పేజీలకి గుడ్డముక్క పిన్నుతో గుచ్చి ఉంటుంది, లైనింగ్ రంగు గుర్తుకి. సార్ ఆ బుక్ ఒక్కో పేజీ తిరగేసి, నా చేత యాక్సిడెంట్‌కి ముందు పన్నెండు నెలల లెక్క కూడించి, ఇద్దరు కస్టమర్ల చేత అఫిడవిట్ ఇప్పించారు. కోర్టులో అది ఎగ్జిబిట్ A-9. నేను ఇద్దరు ముగ్గురు వకీళ్ళ దగ్గరకి ముందు పోయా, ఒక్కరూ ఈ మాట అడగలేదు, "హౌస్‌వైఫ్ అని రాసేద్దాం" అన్నారు ఒకరు. అమ్మ ఇరవై ఏళ్ళుగా కుట్టి మమ్మల్ని చదివించింది, ఆమె పని పనిగా లెక్కలోకి రావడం నాకు డబ్బు కన్నా పెద్ద విషయం.

ఇక తప్పు కూడా చెప్పాలి, అందుకే ఒక స్టార్ తగ్గించా. పిటిషన్‌లో అమ్మ వయసు 45 బదులు 54 అని కొట్టారు, జూనియర్ టైప్ చేసేటప్పుడు అంకెలు తారుమారయ్యాయి. ఆధార్ పక్కన పెట్టి చూస్తుంటే నేను పట్టుకున్నా. చిన్న విషయం అనుకుంటారేమో, కాదు. ఈ కేసుల్లో వయసును బట్టి ఒక గుణకం ఉంటుంది, మల్టిప్లయర్ అంటారు, 2009లో సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో ఖాయం చేసింది. 41 నుంచి 45 వయసుకి 14, 51 నుంచి 55కి 11. దాని మీద 2017 ప్రణయ్ సేథి తీర్పు ప్రకారం సొంత పని చేసుకునేవాళ్ళకి ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 నుంచి 50 ఏళ్ళ వాళ్ళకి 25 శాతం కలుపుతారు, 50 దాటితే 10 శాతమే. మా కేసులో వేసి చూస్తే ఆ రెండంకెల తప్పుకి లక్షా తొంభై నాలుగు వేల నాలుగొందలు తేడా. నేను చెప్పగానే సార్ వెంటనే సవరణ పిటిషన్ వేశారు, జూనియర్‌ని నా ముందు ఏం అనలేదు, తప్పు నాదేనమ్మా నేను చదివి వినిపించినప్పుడు వయసు చూడలేదు అన్నారు. ఒప్పుకున్నారు, కానీ నేను చూడకపోతే? అందుకే మీ పిటిషన్‌లో వయసు, పేరు, బండి నంబర్, తారీఖు మీరే అక్షరం అక్షరం చూస్కోండి.

ఫోన్ ఎత్తరు, అది ఇంకో ఇబ్బంది. పొద్దున పదిన్నర నుంచి నాలుగున్నర దాకా కోర్టులో ఉంటారు, సాయంత్రం ఆరు తర్వాతే మాట్లాడతారు. క్లర్క్ అన్న మంచివాడు, "అక్కా వాయిదా పడింది" అని మెసేజ్ పెడతాడు, కానీ ఒకసారి తారీఖు తప్పు పెట్టాడు, ఆటోకి మూడొందలు పెట్టి అమ్మని తీసుకుపోతే కేసు ఆ రోజు లేదు, వారం తర్వాత. అమ్మ ఆ రోజు చాలా నొచ్చుకుంది.

2023 డిసెంబర్‌లో లోక్ అదాలత్ పెట్టారు, ఇన్సూరెన్స్ వాళ్ళు నాలుగున్నర లక్షలు ఇస్తాం సంతకం పెట్టండి అన్నారు. ఇక్కడ చాలామంది వకీళ్ళు తీసేస్కో అంటారు, వాళ్ళకీ త్వరగా అయిపోతుంది కదా. మా సార్ అమ్మకి రెండు వైపులా చెప్పారు, ఇక్కడ ఒప్పుకుంటే డబ్బు త్వరగా వస్తుంది, కానీ దీని మీద అప్పీలు ఉండదు, నడిపిస్తే నా అంచనా ఎనిమిది నుంచి పది లక్షలు, ఏడాదిన్నర పట్టొచ్చు, ఇంట్లో డబ్బు అవసరం ఎంత ఉందో మీకే తెలుసు అని. అమ్మ "ఇన్ని రోజులు ఆగినం, ఇంకొన్ని రోజులు ఆగుదాం బిడ్డా" అంది. సార్ ఇంకేం మాట్లాడలేదు, ఒత్తిడి పెట్టలేదు.

సాక్ష్యం రోజు. ఇన్సూరెన్స్ వకీలు రెండు మాటలు గట్టిగా పట్టుకున్నాడు. మొదటిది, జీబ్రా లేని చోట ఎందుకు దాటారు, తప్పు మీది కూడా ఉంది కదా అని. అలా ఒప్పుకుంటే వచ్చే డబ్బులో కోత పడుతుంది. సార్ దానికి ముందే తయారుగా ఉన్నారు. అంతకుముందు ఒక ఆదివారం నన్ను తీసుకుని ఆ చోటుకి వచ్చి, బస్సు దిగే చోటు నుంచి రెండు వైపులా నడిచారు, దాటే దారి ఎక్కడుందో చూద్దామని. నడుస్తూనే ఉన్నాం, ఎండలో, ఫుట్‌పాత్ ఉన్నచోట ఉంది, లేనిచోట లారీల పక్కనే. రెండు వైపులా చాలా దూరం పోయాక కూడా దాటడానికి గీతలు కనపడలేదు. ఫోటోలు తీశారు, సాయంత్రం చీకటి పడ్డాక ఇంకోసారి తీశారు. తర్వాత దర్యాప్తు చేసిన పోలీసాయన్ని కోర్టులో అడిగి, స్కెచ్‌లో కూడా అక్కడ క్రాసింగ్ లేదని చెప్పించారు. పూలబండి అన్న కూడా వచ్చి చెప్పాడు. ఆయన మొదట భయపడ్డాడు, స్టేషన్ చుట్టూ తిప్పుతారేమో అని. దెబ్బ తగిలినవాళ్ళని హాస్పిటల్‌లో చేర్చిన మనిషిని సాక్షిగా రమ్మని బలవంతం చెయ్యకూడదని మోటార్ వాహనాల చట్టం 134ఎ సెక్షన్ కింద రూల్స్ ఉన్నాయి, సార్ అది ఆయనకి విడమరిచి చెప్పి, "రాకపోయినా మేం ఏమీ అనుకోం అన్నా" అన్నారు. ఆయన బండి ఒక పూట మూసేసి వచ్చాడు.

రెండోది, కాలు. మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌లో కుడి కాలికి 45 శాతం అని ఉంది. దానికి మీసేవలో సదరం (వైకల్యం పరీక్ష) స్లాట్ కోసమే మాకు నెలలు పట్టింది. ఇన్సూరెన్స్ వకీలు అది ఒక్క కాలి లెక్క, ఒళ్ళు మొత్తానికి చూస్తే 15 శాతమే అన్నాడు. పైగా అమ్మని "ఇప్పుడు అన్ని మిషన్లకీ మోటార్లు వచ్చాయి కదా, మోటార్ పెట్టుకుంటే కాలితో పనేంటి" అని అడిగాడు. అమ్మ చదువుకున్నది ఏడో తరగతి, కోర్టు ఎక్కడం అదే మొదటిసారి. "మోటార్‌ని కూడా కాలితోనే నొక్కాలి సార్, ఆ కాలే లేవట్లేదు" అంది. తర్వాత ఆర్గ్యుమెంట్స్‌లో సార్ సుప్రీంకోర్టు 2010 రాజ్ కుమార్ తీర్పు చదివారు, సర్టిఫికెట్‌లో శాతం ఎంత అని కాదు, ఆ గాయం ఆ మనిషి చేసే పనిని ఎంత దెబ్బతీసింది అనేది చూడాలి అని. ట్రిబ్యునల్ 30 శాతం తీసుకుంది.

మధ్యలో ఇంకో గండం. డ్రైవర్‌కి లైట్ మోటార్ వెహికల్ (ఎల్ఎంవీ) లైసెన్సే ఉంది, బ్యాడ్జ్ (కిరాయి బండ్లు నడపడానికి వేరే అనుమతి) లేదు, బండేమో గూడ్స్ బండి, కాబట్టి మేం కట్టం ఓనర్ దగ్గర వసూలు చేస్కోండి అని ఇన్సూరెన్స్ వాళ్ళు కౌంటర్ వేశారు. ఓనర్ పరిస్థితి మాకన్నా అధ్వాన్నం, అతని దగ్గర రూపాయి రాదు. నేను చాలా రాత్రులు నిద్రపోలేదు. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచ్ ఇదే విషయం మీద తీర్పు ఇచ్చింది, 7500 కేజీల లోపు బండి అయితే ఎల్ఎంవీ లైసెన్స్ సరిపోతుంది అని. ఆ సాయంత్రం సార్ తనే ఫోన్ చేశారు, అప్పటిదాకా ఆయన తనంతట తాను ఫోన్ చెయ్యడం నేను చూడలేదు. "అమ్మకి ఇవ్వమ్మా ఫోను" అన్నారు.

2025 జూన్‌లో అవార్డ్, అంటే ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. నెల సంపాదన 10 వేలుగా తీసుకున్నారు, మేం అడిగినదానికన్నా తక్కువే, దాని మీద 25 శాతం కలిపి 12,500, పన్నెండు నెలలకి లక్షన్నర, 14తో హెచ్చించి అందులో 30 శాతం అంటే 6,30,000. హాస్పిటల్ బిల్లులు 2,86,000, నొప్పికి లక్ష, పని చెయ్యలేని అయిదు నెలల సంపాదన 50 వేలు, మనిషి తోడు, ఆటోలు, తిండి అన్నీ కలిపి 60 వేలు. మొత్తం 11,26,000, పిటిషన్ వేసిన రోజు నుంచి 7.5 శాతం వడ్డీ. నేరుగా అమ్మ అకౌంట్‌లో పడింది, కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్. సార్ మిగిలిన ఫీజు కన్నా ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు, ఇస్తే తీసుకోలేదు.

ఇప్పుడు యాక్సిడెంట్ అయినవాళ్ళకి ఒక మాట. 2025 మే నుంచి కేంద్రం క్యాష్‌లెస్ స్కీము పెట్టింది, రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్ళకి ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు వైద్యం డబ్బు కట్టకుండా. మాకు అది లేదు, అమ్మ గాజులు తాకట్టు పెట్టాం. హాస్పిటల్‌లో అడగండి, గట్టిగా అడగండి.

ఇంకోటి రాయకుండా ఉండలేను. కేసు మొత్తంలో డ్రైవర్ మీద మాట్లాడారు, అమ్మ మీద మాట్లాడారు, ఆ రోడ్డు మీద ఎవరూ మాట్లాడలేదు. నేను సార్‌ని అడిగా, వేలమంది రోజూ బస్సు దిగే చోట దాటే దారి పెట్టకపోతే అది ఎవరి తప్పు అని. మోటార్ వాహనాల చట్టం 2019 సవరణలో 198ఎ అని పెట్టారు, రోడ్డు భద్రతా ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా వైకల్యం వచ్చినా రోడ్డు చూసేవాళ్ళకి, కాంట్రాక్టర్‌కి లక్ష దాకా జరిమానా అని, కానీ మన క్లెయిమ్‌లో దానికి చోటు లేదు అన్నారు. అయినా ఫీజు తీసుకోకుండా మా కాలనీ తరఫున అర్జీ రాసిచ్చారు, ఆయన తీసిన చీకటి ఫోటోలు జత చేసి. నూట పద్నాలుగు మంది సంతకాలు పెట్టారు, పూలబండి అన్నది మొదటిది. ఎనిమిది నెలలకి లైటు వచ్చింది. జీబ్రా ఇంకా రాలేదు. సందుకి అడ్డంగా ఇనుప బారికేడ్ పెట్టారు, జనం దాని పక్కనుంచి ఒంగి దాటుతున్నారు, అది ఇంకా భయంగా ఉంది, ఇంకో అర్జీ ఇచ్చాం.

సార్ ఎవరో తెలిసి ఆయన ఆఫీసుకి పోయేవాళ్ళు సాయంత్రం ఆరు దాటాక పొండి, నడవలేనివాళ్ళు ఉంటే కింద నుంచి క్లర్క్‌కి ఫోన్ చెయ్యండి, సార్ దిగొస్తారు.

అమ్మ ఇప్పుడు ఎడమ కాలితో మిషన్ తొక్కడం నేర్చుకుంటోంది, రోజుకి రెండు జాకెట్లు అవుతున్నాయి, ఇదివరకు ఆరు కుట్టేది. కొలతల బుక్ మాత్రం ఇంకా కోర్టులోనే ఉంది, అప్పీలు గడువు అయ్యాక పిటిషన్ వేసి తీసుకోవాలి. ఆ లోపు వచ్చిన పాత కస్టమర్లందరినీ నిలబెట్టి అమ్మ మళ్ళీ టేపుతో కొలుస్తోంది, కొత్త బుక్‌లో నేను రాస్తున్నా.